తాగుబోతు వేషం

మొన్న గుంతకల్లులో మా కూతురి రైల్వే క్వార్టర్స్‌లో టీవీ ముందు కూర్చుని ఉంటే, ఏదో పాత నలుపు తెలుపు సినిమాలో మా నాయన తూలుతూ వచ్చి, దీపస్తంభానికి వంగి దండం పెట్టి, తూలుతూనే వెళ్ళిపోయాడు. అందరూ పడి పడి నవ్వారు. నేనూ నవ్వి, లేచి వంటింట్లోకి పోయాను.

మా శింగనమల వైపు నాటకాల్లో నాయన పేరుమోసిన హాస్యగాడు. మద్రాసు పోయి నాలుగైదు సినిమాల్లో తాగుబోతు వేషాలు వేసి, చివరికి ఆ తాగుడునే వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. అసలే కోతి, ఆపై కల్లు తాగిందని అమ్మ ఆయన్ను దెప్పేది. గుక్కెడు సారాయి పడందే గొంతు విచ్చుకోదని ఆ రోజుల్లో నటులందరి నమ్మకం. నాటకం ఆడించే ఊరిపెద్ద తెర వెనక్కి వచ్చి తన చేత్తో సీసా అందించడం మర్యాద, కాదంటే ఊరిని చిన్నబుచ్చినట్టే.

అమ్మ పోయిన రోజున నిప్పుకుండ పట్టుకుని పాడె ముందు నడుస్తూ నాయన తూలాడు. ఏడుస్తున్న జనంలోంచి ఎవరో అలవాటు కొద్దీ కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాయన మాత్రం తలెత్తలేదు, ఆ రోజు నుంచి మళ్ళీ సీసా ముట్టలేదు. చేతులు వణుకుతుంటే నేను రాగి అంబలి తాగించేదాన్ని. సాయంత్రాలు ఇల్లు నిండా ఉండే స్నేహితులు, సీసా లేని గడప తొక్కడం మానేశారు, మహానుభావులు!

కొన్నాళ్ళకు పక్క ఊరి నుంచి పిలుపొచ్చింది, మళ్ళీ తాగుబోతు వేషానికే. నాటకం పూట నేనూ వెంట వెళ్ళాను. తెర వెనక ఆ ఊరిపెద్ద సీసా చాపి, "ఏమప్పా, ఇది లేకుంటే గొంతు యాడ లేస్తాది?" అన్నాడు. "లేయకుంటే పోనీలే అన్నా, నాకొద్దు," అన్నాడు నాయన. పెద్దాయన ముఖం మాడ్చుకుని పోయాడు.

తెర లేచాక నాయన కాళ్ళు తూలనంటే తూలనన్నాయి, కర్రలా నిలబడిపోయాడు. జనం గోల మొదలుపెట్టారు. నేను తెర పక్కన నిలబడి చూస్తున్నాను. ఇప్పుడు ఓడిపోతే రేపు మళ్ళీ తాగుతాడని నా భయం. ఉన్నట్టుండి ఆయన భుజం ఒరిగింది, కాలు మడతపడింది, ఇక ఈలలే ఈలలు. తాగిన నాడు కూడా అంత బాగా ఆడలేదు. ఊరిపెద్ద పక్కవాడితో, "చూసినావా, యాడనో తాగే వచ్చినాడు," అన్నాడు. ఊరంతా అదే అనుకుంది. నోటి వాసన ఎరిగిన నేనొక్కదాన్నే ఆయన తాగలేదని ఎరుగుదును.

ఆ తర్వాత నాయన ఎన్నో ఏళ్ళు తాగకుండానే బతికాడు, అరుగు మీద ఒంటరిగా, వచ్చేపోయే బస్సులు చూస్తూ.

ఈ రోజుల్లో తాగుడు మానినవాళ్ళను పదిమందిలో కూర్చోబెట్టి మెచ్చుకుంటారట. మంచిదే. నాయన జీవితమంతా చప్పట్లు విన్నాడు, అవన్నీ తాగుబోతుకే. మానిన మనిషికి ఒక్కటీ దక్కలేదు. ఆ పూట తెర పక్కన నిలబడిన నాకైనా, చప్పట్లు కొట్టాలని తోచలేదు.