లెస్ వేసిన ముడి

పట్టా పాడైనప్పుడు పెద్ద చప్పుడేమీ రాలేదు. నా రెండు చేతుల మధ్య అది విల్లులా మెత్తగా వంగింది. ఇంకాస్త వంగుతుందనిపించింది. ఇంకాస్త వంచాను. ఎండిన కందికాయలు చిట్లినట్టు టిక్కుటిక్కుమంది, అంతే. సన్నటి లోహపు పట్టా ప్లాస్టిక్ స్లీపర్లలోంచి ఊడి బయటికొచ్చి, మధ్యలో ఒకచోట మోచేయిలా మడత పడింది.

అంత చిన్న చప్పుడును ఇన్నేళ్ళు మోస్తానని ఆ మధ్యాహ్నం అనుకోలేదు. మోస్తున్నాను. ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు. చెప్పవలసిన ఇద్దరికి అసలే చెప్పలేదు. మీకు చెబుతున్నానంటే మీరు నాకు దగ్గరవాళ్ళని కాదు. మీరు లెస్‌ని ఎరగరు, రామ్మోహన్ గారిని ఎరగరు, నన్నూ ఎరగరు. ఎరగనివాళ్ళకి చెప్పడం తేలిక. అది కూడా ఒక రకం పిరికితనమే కావచ్చు. కానీ ఇంకో దారి నాకు దొరకలేదు.

ముందు ఆ పట్టా సంగతి. అది బొమ్మ రైలుది. బొమ్మ అంటే రామ్మోహన్ గారు ఒప్పుకోరు. "మోడల్ రైల్వే అనవయ్యా, బొమ్మ అంటే మా మనవడు కూడా నవ్వుతాడు" అంటారు. ఆయన డాక్టరు. ఆస్ట్రేలియాలో గోధుమ పండే లోపలి ప్రాంతంలో ఒక చిన్న ఊరికి ఉన్న ఒక్క డాక్టరుగా చాలాకాలం పనిచేసి, రిటైరయ్యాక పర్త్ వచ్చి, కానింగ్ వేల్‌లో మా వీధిలోనే ఇల్లు కొనుక్కున్నారు. వాళ్ళ గరాజ్‌లో కారు ఉండదు. ఆయన పనిచేసిన ఊరి రైల్వే సైడింగ్, గూడ్సు బళ్ళు ఆగే పక్క లైను, నమూనాగా ఉంటుంది. గోధుమ నింపే సైలోలు, తుప్పు పట్టిన నీళ్ళ ట్యాంకు, ప్లాట్‌ఫాం కూడా లేని స్టేషను, ఊరు దాటాక పెద్ద వంపు తిరిగి వెళ్ళిపోయే లైను. సైలో పక్కన నిలబడ్డ కుక్క కూడా ఒకప్పుడు నిజంగా ఉన్న కుక్కేనట.

ఆ వంపు వెయ్యాలంటే గజం పొడవుండే పట్టాలు కావాలి. చేత్తో ఎటు కావాలంటే అటు మెల్లగా వంచుకునేవి. పర్త్‌లో ఆయనకి కావలసిన రకం దొరకదు. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాలి, అవి అవతలి తీరం నుంచి ఎడారి దాటి రావాలి. వచ్చేవి. ఎలా వచ్చేవంటే, పెట్టె మధ్యలో నడుం విరిగి, ఒక మూల నలిగి, లోపల పట్టాలు పుల్లలై. రామ్మోహన్ గారు గరాజ్‌లో బల్ల మీద పెట్టె విప్పి, కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్కదాన్నీ ఎత్తి చూసేవారు. "ఇది సింపుల్ ఫ్రాక్చరు. ఇది కాంపౌండు. ఇదిగో, ఇది పోయింది, బంధువులకి కబురు చెయ్యి."

అలాంటి రోజుల్లో ఆయనకి లెస్ దొరికాడు. అడిలైడ్ దగ్గర ఎక్కడో ఉంటాడు. ఇంటి వెనక షెడ్డులోంచి ఒక్కడే నడిపే ఆన్‌లైన్ దుకాణం. అతను పట్టాలను ఒక చెక్క బద్దకి ఆనించి, తెల్లటి నూలు టేపుతో బద్దకే కట్టి, అప్పుడు పెట్టెలో పెడతాడు. పెట్టెని ఎవరు ఎలా విసిరినా బద్ద వంగదు, కాబట్టి పట్టా వంగదు. మొదటి పార్సిల్ చెక్కుచెదరకుండా వచ్చిన రోజున రామ్మోహన్ గారు అతనికి ఫోన్ చేసి మరీ థాంక్స్ చెప్పారు. ఆ ఫోన్ మళ్ళీ మళ్ళీ మోగింది. ఆదివారం పొద్దున్న లెస్‌తో మాట్లాడనిదే ఆయన టిఫిన్‌కి కూర్చునేవారు కాదు. "వాడు వేసే ముడి చూడాలయ్యా. చివర పట్టుకుని లాగితే ఒక్కసారిగా జారిపోతుంది. లాగేదాకా మాత్రం కదలదు. సర్జన్ అవాల్సినవాడు" అనేవారు. వంపు పూర్తయ్యాక లెస్ రైల్లో నల్లార్బార్ ఎడారి దాటి పర్త్ వచ్చి, గరాజ్‌లో నిలబడి, మొదటి రైలుకి పచ్చజెండా ఊపాలని ఇద్దరూ మాట అనుకున్నారు. అప్పటికి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఇందులోకి నేనెలా వచ్చాను? రామ్మోహన్ గారు, ఆయన భార్య సుశీల గారు పగలంతా కూతురింట్లో మనవడి దగ్గర ఉండేవారు. పొడుగు పార్సిళ్ళు గుమ్మంలో వదిలేస్తే స్ప్రింక్లర్ నీళ్ళకి నానేవి. నేను ఇంట్లోంచే ప్రభుత్వ ప్రకటనలు తెలుగు చేసే పని చేస్తాను. అందుకని పార్సిల్ మీద నా చిరునామా, నా ఫోన్ నంబరు ఇచ్చారు. వచ్చినదాన్ని భద్రంగా ఉంచి సాయంత్రం ఆయనకి అందించడం, అదీ నా పని.

ఇక్కడికి రాకముందు తెలుగు దినపత్రికలో చాలాకాలం డెస్కులో పనిచేశాను. చేరిన కొత్తలో నాకిచ్చిన పని టపా విప్పడం. సంపాదకుడి పేరున వచ్చిన ప్రతి కవరూ నేనే చింపి, చదివి, పనికొచ్చేది పైకి పంపేవాణ్ణి. ఇతరుల పేరున్న కవరు చింపుతుంటే వేళ్ళకి బెరుకు పోయింది. ఇది సాకుగా చెప్పడం లేదు. ఆ మధ్యాహ్నం నా చెయ్యి ఎందుకంత సులువుగా పెట్టె మీదికి పోయిందో వెతుక్కుంటుంటే ఇది దొరికింది.

నిజంగా నాకు కావలసింది ముడి చూడటం. అంతగా పొగిడారు కదా, ఎలా ఉంటుంది? ఎప్పుడూ ఆయనే విప్పుకునేవారు. నాకు కనిపించేసరికి టేపు బల్ల మీద పాములా పడి ఉండేది. పెట్టెకి ఒకవైపు అంటించిన టేపుని జాగ్రత్తగా ఊడదీశాను. బద్దని బయటికి లాగాను. ముడి చూశాను. చిన్నది, చదునైనది, దానిమ్మ మొగ్గంత ఉంది. చూసి ఊరుకోవచ్చు. చివర పట్టుకుని లాగాను. ఆయన చెప్పినట్టే ఒక్కసారిగా జారిపోయింది. ఎంత బాగుందో! తిరిగి కట్టబోయాను. రాలేదు. ఎన్ని విధాల తిప్పినా రాలేదు.

ఎలాగూ విడిపోయాయి కదా అని ఒక పట్టా చేతిలోకి తీసుకున్నాను. ఆయన మోకాలి మీద ఆనించి వంచడం చూశాను. అలాగే వంచాను. తర్వాతది మీకు చెప్పాను.

చెప్పనిది ఒకటుంది. రెండో పట్టా కూడా తీశాను. ఎందుకు? ఇన్నేళ్ళుగా నన్ను తొలిచేది మొదటిది కాదు, రెండోదే. తప్పు నా చేతిదా, పట్టాదా తేల్చుకోవాలనిపించింది. ఒకచోట విన్నదాన్ని రెండోచోట నిర్ధారించుకోకుండా అచ్చెయ్యకూడదని మాకు నేర్పారు. నిర్ధారణ అయింది. తప్పు నా చేతిదే.

పటకారుతో వంపు తీయబోయాను. మడత పడ్డ పట్టా తిరిగి తిన్నగా అవదని అప్పుడే తెలిసింది. అన్నీ పెట్టెలో సర్ది, ఎప్పటిలా అంటించి, నూలు టేపు చొక్కా జేబులో వేసుకున్నాను.

సాయంత్రం రామ్మోహన్ గారి గరాజ్‌లో పెట్టె తెరిచారు. వంగిన పట్టాల్ని చూసి ఆయన జోకు వెయ్యలేదు. బద్దని ఎత్తి అటూ ఇటూ తిప్పారు.

"బద్ద పెట్టాడు. కట్టలేదేంటయ్యా?"

నేను పెట్టె మూత మడుస్తున్నాను.

"లెస్ కట్టడం మర్చిపోయాడా? లెస్సా?"

"ఏమోనండీ, పెద్దాయన కదా" అన్నాను.

ఆ మాట నాదే. ఆయన అనుకోని మాట. నేనిచ్చాను, ఆయన తీసుకున్నారు. బద్దని బల్ల మీద పెట్టేసి, "నేను ఫోన్ చేస్తే నొచ్చుకుంటాడు. నువ్వొక మెసేజ్ పెట్టవయ్యా విలేకరీ, మెత్తగా" అన్నారు.

"అన్నయ్యగారు మెత్తగా రాసేవారైతే వాళ్ళ పేపరు ఎవరు కొనేవారండీ?" అని సుశీల గారు నవ్వారు.

మెత్తగానే రాశాను. పార్సిల్ అందింది, పెట్టెకి దెబ్బలేమీ లేవు, విప్పి చూస్తే పట్టాలు కట్టి లేవు, రెండు వంగి ఉన్నాయి. ఏ వాక్యమూ అబద్ధం కాదు. పెట్టెని ఒక మూల కాలితో నొక్కి ఉంటే నింద కొరియర్ మీదికి పోయేది. వాళ్ళకి రోజూ ఉండేదే, దులిపేసుకునేవారు. ఆ పాటి అబద్ధం కూడా నేను ఆడలేదు. నిజాలే పేర్చాను. అవి తిన్నగా లెస్ దగ్గరికి వెళ్ళాయి.

మర్నాడు మధ్యాహ్నం నా ఫోన్ మోగింది. లెస్. అతని గొంతు వినడం అదే మొదలు.

"రామ్ ఫ్రెండేనా? ఇబ్బంది పెడుతున్నాను, సారీ మేట్. ఒక్క విషయం. నూలు టేపు పెట్టెలో ఎక్కడైనా పడి ఉందా? తెగిపోయిగానీ, ఊడిపోయిగానీ?"

"లేదు."

"చిన్న ముక్కయినా?"

"టేపే లేదండీ."

అవతల ఏదో పక్షి అరుస్తోంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"ఎందుకడుగుతున్నానంటే, కట్టినట్టు నాకు బాగా గుర్తు. రేడియోలో క్రికెట్ వస్తోంది. ముడి వేస్తుంటే వికెట్ పడింది. ఈమధ్య మా ఆవిడ అంటోంది, చెప్పిందే చెబుతున్నానని, మర్చిపోతున్నానని. నేనేమో ఒప్పుకోవడం లేదు."

ఏదో అనాలి. "అలా ఏం కాదులెండి" అన్నాను.

"రామ్‌ని అడిగితే నన్ను బాధపెట్టడం ఇష్టంలేక ఏదో ఒకటి చెబుతాడు. మీరు పేపర్లో పనిచేశారట. ఉన్నదున్నట్టు చెబుతారని మీకు చేశాను. అయితే టేపు లేదు. అంతేనా?"

"లేదండీ."

"రైట్. నిజం చెప్పినందుకు థాంక్స్, మేట్."

అతను మాట్లాడుతున్నంతసేపూ ఆ టేపు నా వేలికి చుట్టి ఉంది. చుడుతున్నాను, విప్పుతున్నాను.

ఎందుకు చెప్పలేదు? పెద్ద ప్రమాదమేమీ లేదు. రామ్మోహన్ గారు నన్ను రెండు తిట్లు తిట్టి, నెలరోజులు ఎగతాళి చేసి, మర్చిపోయేవారు. ఇంతోటి దానికి ఒక మనిషి తన మతి మీద తాను పెట్టుకున్న నమ్మకాన్ని ఎలా లాగేశాను? సిగ్గు అనుకున్నాను చాలాకాలం. ఇప్పుడు చూస్తే సిగ్గొక్కటే కాదు. నిజం చెప్పేవాడినని అతను నన్ను నమ్మి ఫోన్ చేశాడు. ఆ నమ్మకం బాగుంది. దాన్ని పోగొట్టుకోవడం ఇష్టంలేక, దాన్ని వాడుకునే అబద్ధం చెప్పాను. ఇలా రాస్తుంటే కూడా నాకు వింతగానే ఉంది.

వారం తిరక్కుండా లెస్ కొత్త పట్టాలు పంపాడు. ఈసారి నేను ముట్టుకోలేదు. రామ్మోహన్ గారు విప్పుతుంటే పక్కన నిలబడ్డాను. బద్ద పొడుగునా ముడి పక్కన ముడి. వాటి మీద మళ్ళీ అంటించే టేపు. కట్టి, కట్టానో లేదోనని అనుమానమొచ్చి, మళ్ళీ కట్టినట్టుంది. రామ్మోహన్ గారు కత్తెర తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆయన ముఖం డాక్టరు ముఖమైపోయింది.

ఆ ఆదివారం ఫోన్‌లో ఆయన లెస్‌కి నచ్చజెప్పడం నేను విన్నాను. "డాక్టరుగా కాదు లెస్, ఫ్రెండుగా చెబుతున్నా. ఒకసారి మెమరీ టెస్టు చేయించుకో. తొందరగా చూపించుకుంటే మంచిది." ఆయనకి తెలిసిన ప్రేమ అదే. ఇంకో డాక్టరైనా అదే చేస్తాడు. అవతల ఏమన్నాడో వినపడలేదు. మరుసటి ఆదివారం లెస్ ఫోన్ ఎత్తలేదు. ఆ తర్వాత ఒకసారి ఎత్తి, పనిలో ఉన్నానన్నాడు. ఆపైన ఎత్తలేదు. దుకాణం పేజీలో ఒక వాక్యం చేరింది, గజం పొడవు పట్టాలు ఇకపై పంపబడవని.

వంపు పూర్తయింది. చాలా బాగుంది. దీపావళికి ఇక్కడి తెలుగు పిల్లలంతా ఆ గరాజ్‌లో చేరతారు. "అంకుల్, వై ఈజ్ ఇట్ సో స్లో?" అని అడుగుతారు. "గోధుమలు మోస్తోందమ్మా, బరువు" అంటారాయన. రైలు వంపు తిరిగేటప్పుడు మాత్రం నావైపు తిరిగి, "ఏం తప్పుమాట అన్నామయ్యా మనం వాణ్ణి?" అంటారు. మనం అంటారు. నేను రైలు వంక చూస్తాను.

ఒకసారి లెస్‌కి ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తింది. లెస్ ఉన్నారా అన్నాను. "ఏ విషయం?" అంది. కోపంగా కాదు, మామూలుగానే. ఏ విషయమని చెప్పను? పెట్టేశాను.

ముడి నేను విప్పాను. పట్టాలు నేను వంచాను. టేపు నా బల్ల సొరుగులో ఉంది. ఈ మూడు ముక్కలు ఇంతవరకు ఎక్కడా అనలేదు. ఇప్పుడు అన్నాను. దీంతో ఎవరికీ ఏదీ తిరిగి రాదు. నాకు మాత్రం చొక్కా జేబు కాస్త తేలికైనట్టుంది.

లెస్ ఆ పరీక్ష చేయించుకున్నాడో లేదో నాకు తెలియదు. అతనికి నిజంగా మతిమరుపు వచ్చిందో లేదో కూడా తెలియదు. రేడియోలో క్రికెట్ వస్తుండగా, వికెట్ పడినప్పుడు, అతను ముడి వేశాడు. అతనికి సరిగ్గానే గుర్తుంది. ఆ సంగతి అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదు.