స్తోయ్‌కా తెర

చివరి రోజు కూడా స్తోయ్‌కా డ్యూటీ దిగి, రబ్బరు చెప్పులు గోడవారగా పెట్టి, "రేపు కూరిన మిరపకాయలు తెస్తాను" అని చెప్పి వెళ్లింది. ప్లోవ్‌దివ్ నగరంలోని ఆసుపత్రిలో వినికిడి నరం మీది గడ్డలు తీసేటప్పుడు ఆమె పని ఒకటే. మత్తులో ఉన్న రోగి చెవిలోకి టిక్కుటిక్కుమనే చప్పుడు పంపి, నరం బదులిస్తోందో లేదో తెర మీది అలలో చూడటం. అల కుంగితే ఎంతటివాడినైనా ఆపేది. ఒకసారి బస్సు డ్రైవరు రాద్కోకు గడ్డ చివరి పిసరు తీస్తుండగా అల కుంగింది.

"చెయ్యి తియ్యండి, డాక్టరుగారూ!"

"ఒక్క పిసరే, స్తోయ్‌కా అక్కా!" అన్నాడు సర్జన్ ద్రాగనోవ్.

"పెళ్లాం తిట్లు వినడానికి మీకు రెండు చెవులున్నాయి. ఆయనకీ ఉండనివ్వండి!"

నర్సులు మాస్కుల్లోనే నవ్వారు. ద్రాగనోవ్ గొణుక్కుంటూ పిసరు వదిలేశాడు. అల మెల్లగా లేచింది. అయినా చెవి నిలిచిందో లేదో రోగి లేచాకే తెలుస్తుంది.

స్తోయ్‌కా పోయాక, సమాధి దగ్గర ఆచారం ప్రకారం పంచిన ఉడికించిన గోధుమలు తింటూ రాద్కో చెప్పాడు. "ఆపరేషన్ మర్నాడు ఆవిడొచ్చి, నా మంచి చెవిని అరచేత్తో గట్టిగా మూసి, కోసిన వైపు చెవిలో 'మా డాక్టరు ఒట్టి ఎద్దు, నాయనా' అని గుసగుసలాడింది. నేను పకపకా నవ్వాను. ఆవిడ ఏడ్చేసింది."

ద్రాగనోవ్ చేతిలో చెంచా ఆగిపోయింది.

"నా చెవిలో అయితే గాడిద అంది," అంది పక్కనున్న ముసలామె గర్వంగా.