పందికొక్కు బొమ్మ

ఆ రోజు నేను ఒక పందికొక్కును ఎండలో పెట్టి చంపాను. కావాలని కాదు, మరిచిపోయానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను.

అప్పట్లో నేనూ మరో ముగ్గురు స్నేహితులూ కలిసి, పాత ఫైళ్లను తవ్వి కావలసిన కాగితాన్ని వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. తవ్వుతుంది కాబట్టి దానికి పందికొక్కు అనే పేరు పెట్టాం. లోగోగా దాని బొమ్మ వేయడం నా వంతు. నేనేమో పందికొక్కును దగ్గరగా చూసిందే లేదు.

డిండోలి అనే మరమగ్గాల పేటలో నా గదికి కింది గదిలో, మగ్గాల మీద పనిచేసే కరీంనగర్ అతను ఉండేవాడు. ఆ పొద్దున ఎలుకల బోను పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. లోపల పిల్లిపిల్లంత పందికొక్కు.

"అన్నా, మా ఆమె కడుపుతోని ఉన్నది. కాన్పయ్యేదాంక నేను పాణం తియ్యొద్దు. జర నీ స్కూటర్ మీద తీస్కపోయి గా మురికికాల్వ అవుతల ఇడిశిపెట్టు. నాకు షిఫ్ట్ టైమైంది."

"వదిలేస్తాలే. ముందు ఫొటో తీసుకుంటాను. మా సాఫ్ట్‌వేర్‌కి దీని పేరే పెట్టాం."

"గీ దరిద్రానికి ఫొటోనా? పెండ్లి సంబంధానికి పంపుతవా ఏంది?" నవ్వుకుంటూ దిగిపోయాడు.

వెలుతురు కోసం బోనును డాబా మీద పెట్టి ఫొటోలు తీశాను. కిందికొచ్చి బొమ్మ గీసి స్నేహితులకు పంపాను. కళ్లు పెద్దవి చేయాలా, మీసాలు తగ్గించాలా అని ఫోన్‌లో గంటల తరబడి వాదించుకున్నాం. అందరికీ ముద్దొచ్చేలా నవ్వే మూతి పెట్టాను. మధ్యాహ్నం మూడింటికి గుర్తొచ్చి పైకి పరుగెత్తాను. తీగలు కొరికి కొరికి దాని మూతి నెత్తురుకట్టి ఉంది. చీమలు పట్టాయి. సరిగ్గా అప్పుడే, బొమ్మ భలే కుదిరిందని స్నేహితుడి మెసేజ్ వచ్చింది. అది చదివి, అక్కడే నిలబడి, సంతోషించాను. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత.

దాన్ని కవర్లో చుట్టి చెత్తకుప్పలో పారేశాను. సాయంత్రం కింది గది అతను అడిగితే వదిలేశానన్నాను. "మంచి పని చేసినవన్నా," అని భార్య చేసిన సర్వపిండి తెచ్చిపెట్టాడు. తిన్నాను.

మర్నాడు అతను పనికి బయల్దేరుతుంటే మెట్ల దగ్గర ఆపి నిజం చెప్పాను.

"చంపింది నువ్వే, నేను కాదు. గని బోను నాదే గద అన్నా," అన్నాడు. "మా ఆమెకు చెప్పకు. గుబులు పడ్తది."

బోను సబ్బుతో తోమి తిరిగిచ్చాను. లోగో తీసేసి, ఎందుకు తీశానో స్నేహితులకు రాశాను. ఒక్క ఎలుక కోసం ఇంత రాద్ధాంతమా అన్నాడు ఒకడు. నేను మాత్రం బొమ్మ మళ్లీ పెట్టలేదు.

వారం తర్వాత ఇంకొకటి పడింది. నేనే కిందికి వెళ్లి స్కూటర్ తీస్తానన్నాను. సరేనన్నాడు గానీ, బోను నా చేతికివ్వలేదు. వెనక కూర్చుని ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమెకు కాన్పయ్యేదాకా పడిన ప్రతిదాన్నీ అలాగే కాలువ దాటించి వచ్చాం.