పసుపు దాచిన మెడపట్టీ

పోయిన నెలలో మా మనవరాలు నన్ను కౌలాలంపూర్ దగ్గరి మా క్లాంగ్ శివార్లలో కొత్తగా కట్టిన బంగళాల వరస చూపించడానికి తీసుకెళ్ళింది. ఖరీదైన ఇళ్ళకు లోపలి అలంకరణ చేయడం దాని ఉద్యోగం. కొనేవాళ్ళకు చూపించడానికి సిద్ధం చేసిన మొదటి బంగళాను అదే తీర్చిదిద్దిందట. విక్టోరియా రాణి కాలపు పద్ధతి అమ్మమ్మా, డబ్బున్నవాళ్ళంతా ఇప్పుడు ఇదే అడుగుతున్నారు అని దారి పొడుగునా చెబుతూనే ఉంది. వంపు తిరిగిన చెక్క మెట్లు, గోడలకు పువ్వుల కాగితం, నేలదాకా జారిన కుచ్చుల తెరలు, ముఖమల్ కుర్చీలు, ఇవన్నీ చూసి నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు. నా చిన్నతనం సగం అలాంటి ఇంటి వెనక వరండాలోనే గడిచింది. నన్ను నిలబెట్టేసింది హాల్లో వేలాడుతున్న పటం. అందులో నల్లగౌను వేసుకున్న ఒక ముసలి తెల్లదొరసాని, గడ్డం కిందిదాకా మెడపట్టీ, భుజాల దగ్గర ఉబ్బి మణికట్టు దగ్గర బిగిసిన బుట్ట చేతులు, గొంతు నుంచి నడుం దాకా చిన్న చిన్న గుండీలు. ఎవరే ఈవిడ అని అడిగితే, ఎవరో తెలీదు, పాత సామాన్ల కొట్లో దొరికింది, మొగుడు పోయిన ఆడవాళ్ళు ఆ కాలంలో అలా నల్లబట్టలు వేసుకునేవారట అని తేలిగ్గా చెప్పేసింది.

కూర్చోరాదని రాసిపెట్టిన కుర్చీలోనే కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. మనవరాలు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. నా ఈడు వాళ్ళు, ముఖ్యంగా ఎస్టేటుల్లో పుట్టి చర్చి పెళ్ళిళ్ళు చేసుకున్న మన తెలుగు ఆడవాళ్ళు ఈ సంగతి వింటే, వాళ్ళూ నాలాగే కూలబడతారు.

మాది హుటాన్ మెలింటాంగ్ దగ్గర కొబ్బరితోటల ఎస్టేటు. నాన్న తోటలో పనికి వెళితే, అమ్మ పెద్దదొర బంగళాలో బట్టలు ఇస్త్రీ చేసేది. ఆ బంగళా ఎప్పటి కాలంలోనో కట్టిందిట. చూరుకు లేసులాగా చెక్కిన చెక్క, హాల్లో పియానో, పియానో పైన దొరసాని నాయనమ్మగారి పటం. నేను చెప్పిన నల్లగౌనే, ఆ మెడపట్టీయే, ఆ చేతులే. అమ్మ కొబ్బరిచిప్పల బొగ్గులతో ఇస్త్రీపెట్టె వేడెక్కించుకుని నిలబడే చోటి నుంచి సరిగ్గా ఆ పటమే కనబడేది. దొరసాని మాత్రం చేతుల్లేని పొట్టి గౌన్లు వేసుకునేది. వాటిని అమ్మ ఎంత శుభ్రంగా ఇస్త్రీ చేసినా బట్టల్లో లెక్కేసేది కాదు. బట్టంటే పటంలో ఆవిడదే, దర్జా అంటే అదే అని అమ్మ నమ్మకం.

మా చిన్న మేనత్తకు పెళ్ళి కుదిరినప్పుడు ఇంట్లో పెద్ద రగడ జరిగింది. పెళ్ళికూతురు చర్చికి తెల్లచీరలోనే రావాలని పాస్టరుగారు పట్టుబట్టారు. మా నాయనమ్మ శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. ఏసుప్రభువును నమ్మింది గానీ తెలుపును మాత్రం నమ్మలేదు. ఆవిడ లెక్కలో తెలుపంటే మొగుడు పోయినవాళ్ళు కట్టేది, అంతే. తెల్లకోక కట్టి నా కూతుర్ని పంపితే నాను గుడి గుమ్మం తొక్కను అని చెప్పేసి, అన్నం ముందు నుంచి లేచిపోయింది. ఆవిడ రాకపోతే మేనత్త పెళ్ళిపీట మీదికి రానని ఏడుపు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది ఇంటి కోడలైన మా అమ్మ పని.

అమ్మ ఎవరితోనూ వాదించలేదు. పటంలో గౌను చూసి పాత పేపరు మీద కొలతలు కత్తిరించుకుంది. దొరసాని ఇచ్చిన చిరిగిన బల్లగుడ్డ నుంచి లేసు ముక్కలు ఏరుకుంది. తెల్లచీర మీదికి తెల్ల జాకెట్టు, గడ్డందాకా మెడపట్టీ, బుట్ట చేతులు, వీపున గుడ్డ చుట్టిన గుండీలు. మెడపట్టీ రెండు పొరల మధ్య పసుపులో ముంచి ఆరబెట్టిన గుడ్డ పేలికను పెట్టి కుట్టేసింది. బయటికి చుక్కంతైనా కనబడదు. లోపలి నుంచి వేలితో తడిమితే అంచు తగులుతుంది. అది నాయనమ్మ చేతికిచ్చి తడిమి చూడమని, పాస్టరయ్యకి తెలుపు కావాల, నీకు పసుపు కావాల, ఆయనకి పైన, నీకు లోన, ఇద్దరి మాటా నిలబెట్టినాను, ఇంక లేచి కూడు తిను అత్తా అంది. నాయనమ్మ తడిమి తడిమి చూసి లేచి అన్నం తింది.

పెళ్ళినాడు మేనత్త చర్చి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, వేలు మెడపట్టీలోకి దూర్చి పసుపు అంచు తడుముకుని, అప్పుడు లోపలికి అడుగుపెట్టింది. ముందు వరసలో కూర్చున్న దొరసాని వెనక్కి తిరిగి ఆ జాకెట్టు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆవిడ కళ్ళు చెమర్చాయి. చూశారా, దొరసానికే మతిపోయింది అని మా కూలీల ఇళ్ళ లైనుల్లో ఏళ్ళ తరబడి చెప్పుకున్నాం. తన ఇంటి విధవరాలి గౌను పెళ్ళికూతురి ఒంటిమీద నడిచొస్తుంటే ఆవిడకు ఏమనిపించిందో, ఇన్నేళ్ళకు, కూర్చోరాని కుర్చీలో కూర్చున్నాక నాకు అర్థమైంది. ఒక్కమాట అనలేదు మహాతల్లి. పైగా మేనత్తను దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దుపెట్టుకుంది.

ఆ తరవాత మా ఎస్టేటులోనూ, చుట్టుపక్కల ఎస్టేటుల్లోనూ బంగళా జాకెట్టని పేరుపడ్డ ఆ జాకెట్టు లేకుండా తెలుగువాళ్ళ చర్చి పెళ్ళి జరగలేదు. వాళ్ళ విధవ నలుపు తీసేసి మన విధవ తెలుపు వేసి, లోపల పసుపు దాచి, ఎంతమంది పెళ్ళికూతుళ్ళను పంపామో. నేను ఎరిగినంతలో ఆ జంటలన్నీ ముసలితనం దాకా పోట్లాడుకుంటూ చల్లగా బతికినవే. నా పెళ్ళికీ అమ్మే కుట్టింది. పెళ్ళయ్యి క్లాంగ్ వచ్చాక, నేను లిటిల్ ఇండియా వీధి వెనక మేడమెట్ల కింద మిషను వేసుకుని, చాలాకాలం ఆ జాకెట్టు మీదే బతికాను. నా అంత బాగా బుట్ట చెయ్యి నిలబెట్టే మనిషి ఈ ఊళ్ళో లేదని ఇప్పటికీ ధైర్యంగా చెప్పగలను.

అలాంటిదాన్ని, నా కన్నకూతురు పెళ్ళికి దెబ్బ తిన్నాను. ఎస్టేటు జాకెట్టు నేను వెయ్యను, ఆఫీసులో ఫ్రెండ్స్ నవ్వుతారు అని, పొట్టి చేతులు, వెడల్పు మెడ ఉన్న శాటిన్ జాకెట్టు పట్టణంలో కుట్టించుకుంది. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని పైకి నవ్వేశాను గానీ, ఆ బాధ చాలాకాలం పోలేదు. మెడ లేని జాకెట్టులో పసుపు ఎక్కడ పెట్టను? ఎవరికీ చెప్పకుండా దాని లోలంగా నాడా పట్టీలో పెట్టి కుట్టేశాను.

ఆ బంగళా చూడడానికి ముందే మనవరాలికి పెళ్ళి కుదిరింది. కౌలాలంపూర్లో పేరున్న కొట్లో విక్టోరియన్ జాకెట్టు కుట్టించుకుంటున్నానని అది మురిసిపోతూ ఫోనులో బొమ్మ చూపిస్తే, నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తల్లి ఎస్టేటు జాకెట్టని వద్దన్నదాన్నే కూతురు కొత్త పేరుతో కొనుక్కుంటోంది. ఆ జాకెట్టు నా చేతుల మీదుగా తయారవ్వాలని ఎంత కోరికో. చూపు కాస్త తగ్గింది గానీ చెయ్యి తగ్గలేదు. అయినా అడగలేదు. అడిగి కుట్టేది మిషను పని, అడిగించుకుని కుట్టేది మర్యాద అని నా పట్టుదల.

బంగళా నుంచి తిరిగొచ్చాక నా నవ్వుకు కారణం చెప్పమని మనవరాలు వదల్లేదు. చెప్పి, ట్రంకుపెట్టె తీసి నా పెళ్ళి జాకెట్టు దాని ఒళ్ళో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, మెడపట్టీలో వేలు పెట్టి ఆగిపోయింది. ఏటి అమ్మమ్మా, లోన ఏదో ఉంది లా, అంది, ఈ దేశపు అలవాటుగా చివర లా తగిలించి. పసుపు సంగతి చెప్పాను.  తరవాత తన గది నుంచి కొట్లో కుట్టిన జాకెట్టు తెచ్చి నా జాకెట్టు పక్కన పరిచింది. చక్కటి పనితనమే, పేరుపెట్టడానికి లేదు. కానీ మెడపట్టీ దోమతెరలాంటి పలచటి వలతో కుట్టింది. ఇవతల వేలు పెడితే అవతలికి కనబడుతుంది.

ఇందులో దాచడానికి చోటు లేదు అమ్మమ్మా, నువ్వు కుట్టు, అంది తెలుగులోనే, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ.

కొట్టు జాకెట్టు రాత్రి విందుకు వేసుకుందువులే, పాడుచేయకు అని పెద్దరికంగా చెప్పాను గానీ, ఆ మాట పూర్తికాకముందే మిషను మీద గుడ్డ తీసేశాను. పసుపు కలపడానికి గిన్నె వెతుకుతుంటే మా అమ్మాయి వచ్చి గిన్నె నా చేతిలోంచి తీసుకుని తనే కలిపి పేలిక ముంచింది. ముంచుతూ, నా లోలంగా నాడాలోది నాకు అప్పుడే తెలిసినాది అమ్మా, ఆ లంగా ఇంకా ఉంది, అంది తల ఎత్తకుండా. ఇన్నాళ్ళూ ఇద్దరం చెప్పుకోలేదు. పసుపు చేతుల్తోనే దాన్ని పట్టుకున్నాను.

ఆ కాలపు ఇళ్ళూ బట్టలూ డబ్బున్నవాళ్ళకు ఇంకా ఎందుకు నచ్చుతాయని మనవరాలు అడిగితే నా జవాబు ఒకటే. వాటిల్లో కుచ్చులున్నాయి, మడతలున్నాయి, మూలలున్నాయి. మనిషికి తనదంటూ ఏదైనా దాచుకునే చోటు ఉంది. ఇప్పటి అద్దాల ఇళ్ళల్లో అన్నీ కనబడతాయి, చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

మా ఎస్టేటులో ఆ బంగళా ఇప్పుడు లేదు. అక్కడ పామాయిలు చెట్లు వేశారు. నాయనమ్మ యాసలో ధారాళంగా మాట్లాడేవాళ్ళు నాతో సరి. మేము పటంలో తెల్లదొరసానిలా కనబడాలని ఆ జాకెట్టు తొడుక్కున్నాం, మనవరాలు మాలా కనబడాలని తొడుక్కుంది. నాకు తెలిసి మారినదాంట్లో పెద్దది ఇదే. మొన్న శనివారం చర్చి గుమ్మం దగ్గర, ఎవరూ చెప్పకుండానే, నా మనవరాలు ఒక్క క్షణం ఆగి మెడపట్టీలోకి వేలు దూర్చి, పసుపు అంచు తడుముకుని, అప్పుడు లోపలికి అడుగుపెట్టింది.