అనపకాయల మూటకు చెప్పిన మాట

వారానికి ఆరు రోజులు నేను రైలు మనిషిని. పొద్దున్నే బంగారుపేటకు పోయి రైలెక్కి, బెంగళూరులో లేత్ మిషన్ల షెడ్డులో పనిచేసి, పొద్దుగూకాక ఇల్లు చేరతాను. ఏడో రోజు మాత్రం బండి మనిషిని. ఆదివారం ఎండెక్కకముందే నా భార్య ఫ్లాస్కులో కాఫీ పోస్తుంది, నేను పాత మోటార్‌సైకిల్ తుడుస్తాను, ఇద్దరం హైవే వదిలేసి పల్లెల దారి పడతాం. ఫలానా చోటికే పోవాలని ఏమీ ఉండదు. రాగి చేలు, మామిడి తోపులు దాటుకుంటూ పోయి, ఆకలైన చోట ఇడ్లీ తిని, మధ్యాహ్నం సంగటి వేళకు తిరిగొస్తాం.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా అంటారు చుట్టాలు. వాళ్లకు మా ఇల్లు తెలియక కాదు. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి బంగారు గని పనికి వచ్చినప్పుడు కంపెనీ ఇచ్చిన, గోడకు గోడ ఆనించి వరుసగా కట్టిన రెండు గదుల లైన్ ఇల్లు అది. ఈ కొసన తుమ్మితే ఆ కొసన ఉన్న ఇంట్లోంచి ‘చిరంజీవ’ అంటారు. అలాంటి గోడల మధ్య మొగుడూ పెళ్లాలు ఏం మాట్లాడుకుంటారు? పెళ్లైన కొత్త నుంచీ మా మాటలన్నీ బండి మీదే. ఆమె గడ్డం నా ఎడమ భుజం మీద ఆనించి చెప్పేది, నేను ముందుకు చూస్తూ ‘ఊ’ కొట్టేవాణ్ణి.

ఆ ఎడమ చెవే పోయింది. కుడిది సగం మిగిలింది. ఇరవై ఏళ్లు ఇనుము కోసే చప్పుడులో నిలబడ్డ ఫలితం. షెడ్డులో వైద్య పరీక్షలు పెట్టినప్పుడు డాక్టరు రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టుకోమన్నాడు. ఆ కాగితం మడిచి బండి టూల్ బాక్సులో స్పానర్ల కింద దాచాను. నా భార్యకు చెప్పలేదు. చెబితే ‘చెవి వినపడనోడు బండి నడిపేదేంది’ అంటుంది, బండి మూలన పడుతుంది, దాంతో మా ఆదివారాలూ పోతాయి. ఇదీ నా భయం. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు రెండేళ్లు గడిపాను.

నా అదృష్టానికి ఆ రోజుల్లోనే ఆమె గంటల పద్ధతి పెట్టింది. మా నాన్న గనిలో కేజ్ దగ్గర గంట కొట్టేవాడు. కేజ్ అంటే మనుషుల్ని భూమిలోకి దించే ఇనుప పెట్టె. అంత లోతు నుంచి అరిస్తే పైన ఇంజన్ తిప్పేవాడికి వినపడదు, అందుకని గంట లెక్క. ఒకటి కొడితే ఆగాలి, రెండు కొడితే దించాలి, మూడు కొడితే పైకి లాగాలి. చనిపోయేదాకా ఆయన కాఫీ కావాలన్నా మాకు మంచం మీద కొట్టి చెప్పేవాడు. మామ దగ్గర నేర్చుకున్న ఆ విద్యను కోడలు నా వీపుకు మార్చింది. ఒక దెబ్బ ఆగు, రెండు మెల్లగా, మూడు పద. “హెల్మెట్‌లో నా అరుపు నీకు యాడ వినపడతాది. మీ నాయన పద్ధతే మేలు” అంది. హెల్మెట్ పేరు చెప్పినందుకు లోపల ఎంత సంతోషించానో.

అంతా బాగానే నడిచేది, మొన్న చలికాలంలో ఒక ఆదివారం ముళబాగిలు దగ్గర రోడ్డు దాటేదాకా. పక్కనుంచి లారీ హారన్ కొడుతూ వస్తోంది. నాకు వినపడలేదు. ఆమె నా భుజాన్ని గోళ్లు దిగేలా పట్టుకుని ఒక్క చరుపు చరిచింది. ఆగాను. లారీ మా ముందునుంచి దూసుకుపోయింది. ఆ వారమంతా రైల్లో కూర్చుని అదే తలుచుకున్నాను. నా సిగ్గు కోసం ఆమె ప్రాణం మీదికి తెచ్చానని నా మీద నాకే అసహ్యం వేసింది. వచ్చే ఆదివారం చెప్పేయాలని ఒట్టు పెట్టుకున్నాను. మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేదు కాబట్టి బండి మీదే చెప్పాలనుకున్నాను.

ఆ ఆదివారం టేకల్ వైపు పోయాం. అనపకాయల కాలం. అనప అంటే గింజలు ఒలిచి వండుకునే చిక్కుడు లాంటి కాయ. పొగమంచుకు తడిసిన కాయకు ఒక వాసన ఉంటుంది. దానికోసం మా లైనులో అందరూ ముక్కులు ఎగబీలుస్తూ కూర్చుంటారు. మాకు, పక్కింటికి, ఎదురింటికి అని చెప్పి ఆమె ఒక చేను దగ్గర ఆపించి పెద్ద మూటే కట్టించింది. చేనామె, నా భార్యా కలిసి మూటను వెనక సీటు మీదికి ఎత్తారు. నేను ఇంజన్ ఆన్‌లో పెట్టి, రెండు కాళ్లూ నేలకు ఆనించి, కళ్లు దారి మీద పెట్టి, నోట్లో మాట కూర్చుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి, డాక్టరు నుంచా, లారీ నుంచా?

వెనక మూడు దెబ్బలు. పోనిచ్చాను.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆమె తాడు బిగించి, కట్టు గట్టిగా ఉందా లేదా అని మూటను మూడుసార్లు చరిచింది. మూట నా వీపుకు ఆని ఉంది కాబట్టి దెబ్బలు నాకు అందాయి. ఆమె ఇంకా కిందే ఉంది. మూట మా ఇద్దరి మధ్య ఉండేలా తాను దాని వెనక ఎక్కాలని ఆమె లెక్క. చేతులకు అడ్డమని తన ఆకుపచ్చ శాలువా మూట మీద వేసింది. అద్దంలో చూస్తే నాకు ఆకుపచ్చ శాలువా కనిపించింది. ఇంకేం కావాలి మొగుడికి.

దారి ఖాళీగా ఉంది. మొదలుపెట్టాను. “ఇదో, నీకొకటి చెప్పల్ల. కోపం చేసుకోవద్దు. నా ఎడమ చెవి పోయిండాది. కుడిది సగమే” అన్నాను. వీపు మీద బరువు కదల్లేదు. ఓపిగ్గా వింటోందనుకున్నాను. డాక్టరు సంగతి, టూల్ బాక్సులో కాగితం సంగతి, లారీ సంగతి అన్నీ చెప్పాను. “బండి అమ్మేయమంటే అమ్మేస్తా. అయితే ఆదివారం నువ్వు నా వెనక లేకుంటే నాకు వారమే ఉండదు” అని కూడా అన్నాను. ఇరవై ఆరేళ్ల కాపురంలో నేను అలాంటి మాట అనడం అదే మొదటిసారి.

ఎదురుగా రైల్వే గేటు పడింది. బండి ఆపి, ఇంజన్ కూడా ఆపి, “ఏమన్నా అనవే” అన్నాను బతిమాలుతూ. పక్కన మోపెడ్ మీద పాల క్యాన్లతో ఉన్న పెద్దాయన నా కుడి వైపుకు వంగి గట్టిగా అడిగాడు. “ఎవరితో మాట్లాడతా ఉండావప్పా, మూటతోనా?”

వెనక్కి తిరిగాను. ఆకుపచ్చ శాలువా కప్పుకుని అనపకాయల మూట బుద్ధిగా కూర్చుని ఉంది.

బండి తిప్పి ఆ మట్టిదారిలో ఎలా వచ్చానో నాకే తెలియదు. మనసులో మాత్రం ఒకటే. ఆమె అరిచే ఉంటుంది. ఊరంతా వినేలా అరిచి ఉంటుంది. నేను వినలేదు. ఇంక దాచడానికేమీ మిగల్లేదు.

ఆమె గట్టు మీద చేనామె పక్కన కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. ముళబాగిలు దగ్గర రాగులు పండించే ఇంట్లో పుట్టిన మనిషి, చేతులు ఊరికే ఉండవు. నన్ను చూసి లేవలేదు.

“మూటకూ నాకూ తేడా తెలీలేదా నీకు?” అంది.

ఈ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా తప్పే. బండికి స్టాండ్ వేశాను. చేనామె మాత్రం నవ్వుతూ, “అంత అరిచినాదప్పా నీ పెండ్లాం, ఆడ మేస్తా ఉండే నా ఎనుము గూడా తిరిగి చూసినాది. నువ్వొక్కడే చూడలేదు” అని చెప్పి, మాకు నీళ్లు తెస్తానని లేచి పోయింది.

ఆమె పక్కన కూలబడ్డాను. “నువ్వేననుకొని మూటకు అంతా చెప్పేసినాను. నాకు చెవి...” అని మొదలుపెట్టాను.

“తెలుసు” అంది, కాయ మీంచి చూపు తిప్పకుండానే.

“ఎప్పటినుంచి?”

“రెండేండ్లాయె. అప్పుడొక ఆదివారం నువ్వు ఏం చెప్పినా ఊ కొడతా ఉంటే అనుమానమొచ్చి, ‘ఇంగ నీతో కాదు, నిన్ను ఇడిచిపెట్టి మా పల్లెకు పోతా ఉండాను’ అన్నాను. ‘ఊ, బాగుండాది, అట్లే చేద్దాం’ అన్నావు.”

“మరి గంటలు?” అన్నాను.

“మరెందుకు పెట్టినాననుకొన్నావు? నువ్వుగా చెప్తావని చూస్తిని. మొన్న లారీ వచ్చినప్పుడు మాత్రం భయమేసింది. ఈ ఆదివారం నువ్వు చెప్పకుంటే నేనే అడగల్ల అనుకొన్నాను.”

“బండి అమ్మేద్దామా?”

“బండేం చేసె? మిషన్ పెట్టుకో. పెట్టుకొనేదాకా బండి ముట్టొద్దు. ఈపొద్దు మాత్రం మెల్లగా ఊళ్లమీదుగా పోదాం.” ఇంకో కాయ అందుకుని, “మూటకు ఏం చెప్పినావు?” అని అడిగింది.

కుడి చెవి ఆమె వైపు ఉండేలా తిరిగి కూర్చుని అంతా మళ్లీ చెప్పాను. మూటకు చెప్పినంత బాగా రాలేదు. వారమే ఉండదన్న మాట దగ్గర తడబడ్డాను. ఆమె ఒలవడం ఆపేసింది. కళ్లు తుడుచుకుని, అనపకాయ జిగురు కళ్లలో పడిందంది.

అప్పుడు నాకొక సంగతి తట్టింది. “నాకు వినపడదని తెలిసి కూడా ఈ రెండేండ్లూ వెనకాల మాట్లాడతానే ఉండావే. వీపుకు తెలుస్తా ఉండె. చెవిటోని ముందర శంఖం ఊదినట్ల కదా.”

“వినపడదనే మాట్లాడినాను” అంది. “ఇంట్లో చెప్పలేనివి, నీ మొగం చూస్తా చెప్పలేనివి.”

“ఏంటివి?”

“నువ్వు మూటకు చెప్పినావే, అట్లాంటివి.”

మరుసటి రోజే పనికి సెలవు పెట్టి ఆస్పత్రికి పోయాను. రెండేళ్లు సిగ్గుపడిన మనిషిని సిగ్గు లేకుండా వరుసలో నిలబడ్డాను. రెండేళ్లలో ఎన్ని ఆదివారాలో వేళ్ల మీద లెక్కపెట్టుకుని, అన్ని ఆదివారాల మాటలూ నా వీపు మీదినుంచి గాలికి పోయాయే అని బాధపడ్డాను. ఇక ఒక్క ముక్క కూడా పోగొట్టుకోకూడదనుకున్నాను.

మిషన్లు వచ్చాక మొదటి ఆదివారం బంగారుపేట దాటి పల్లెల దారి పట్టాం. గాలి వినపడింది, చెయిను చప్పుడు వినపడింది, ఎవరో గొర్రెలను అదిలించడం వినపడింది. వెనక నుంచి మాత్రం ఏమీ లేదు. రెండు ఊళ్లు దాటినా లేదు. మామిడి తోపు పక్కన బండి ఆపి, “ఏమైనాది, ఒక్క మాటా లేదే?” అన్నాను.

“ఇప్పుడు నీకు వినపడతాది కదా” అంది తల వంచుకుని. యాభై దాటిన మనిషి. “సిగ్గుగా ఉండాది.”

ఎడమ చెవిలోంచి మిషన్ తీసి, ఆమెకు చూపించి, చొక్కా జేబులో వేసుకున్నాను. కుడి దాన్ని లారీ హారన్ల కోసం ఉంచుకున్నాను. ఆమె ఎక్కి సర్దుకుంది. ఎక్కిందా లేదా అని తిరిగి చూసి మరీ నిర్ధారించుకున్నాను. వీపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

కొంచెం దూరం పోయాక గడ్డం నా ఎడమ భుజం మీద ఆనింది. మాట్లాడటం మొదలుపెట్టింది. కుడి చెవికి అందినంత విన్నాను. అందుతుందని ఆమెకూ తెలుసు. విన్నది ఇక్కడ రాయను. నేను మాత్రం ఎప్పటిలాగే ముందుకు చూస్తూ, ఏమీ విననట్టు, ‘ఊ’ అన్నాను.