దొంగల పేర్లన్నీ తెలిసిన ఖాలమ్మ

మొన్న బోధన్ రోడ్డు మీద రైల్వే గేటు పడితే, చెరకు ట్రాక్టరు వెనకాల నా ఆటో ఆగింది. పచ్చి చెరకు వాసన, ఎండుటాకు వాసన కలిసి ముక్కుకు తగిలేసరికి నా వయసు ఎటు పోయిందో తెలియలేదు. స్కూటరు మీదున్న ఒకాయన అటూ ఇటూ చూసి, కట్టలోంచి ఒక గడ సర్రున లాగాడు. నేను ఆటోలోంచి తల బయటికి పెట్టి, "ఏం పేరు బిడ్డా? ఇంట్ల అందరు మంచిగున్నరా?" అని అడిగాను. పాపం, గడను దాచలేక, పారేయలేక, "మంచిగున్నరమ్మా" అన్నాడు. ఆటో డ్రైవరు నావైపు అదోలా చూశాడు. ఆ పలకరింపు నేను కనిపెట్టింది కాదు, పిన్నమ్మ వరసన మేం ఖాలమ్మ అని పిలిచిన ఖైరున్ బీ దగ్గర నేర్చుకున్నది.

అరవైల నాటి మాట. బాపు పోయేనాటికి నేను నిజామాబాద్‌లో ఆడపిల్లల బడిలో లెక్కల టీచర్ని. ఆయన అమ్మకూ నాకూ మిగిల్చింది మంజీర ఒడ్డున మూడెకరాల చెరకు. బోధన్‌లో బస్సు దిగి గంటన్నర నడవాలి. చుట్టుపక్కల ఊరు కాదు కదా, ఒక్క గుడిసె కూడా లేదు. ఆడవాళ్ళిద్దరూ అంత దూరంలోని భూమిని ఏం కాపాడుకుంటారు, పక్క పొలం పటేలు అడుగుతున్నాడు, ఇచ్చి పారేయండని చుట్టాలందరిదీ ఒకటే పాట. అమ్మ ససేమిరా అంది. రాళ్ళు ఏరి, తన చేతులతో బావి తవ్వి, బాపు ఇరవై ఏళ్ళు నడుం వంచిన నేల అది. అది పోతే ఆయన రెండోసారి పోయినట్టేనని నాకూ అనిపించేది.

చదువుకున్నదాన్ని కదా, నా తెలివి నేను చూపించాను. చుట్టూ రాతి కడీలు పాతించి, ముళ్ళతీగ లాగించి, "అనుమతి లేనిదే లోనికి రారాదు" అని చెక్క బోర్డు రాయించి పెట్టాను. నెల తర్వాత వెళ్ళి చూస్తే చెరకు చాలావరకు ఉంది, తీగే లేదు. కడీలు కూడా లేవు. బోర్డును ఎవరో మేకల కొట్టానికి తలుపుగా బిగించుకున్నారని తర్వాత తెలిసింది. అమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ వారమే ఖైరున్ బీ మా ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి. వెలిసిన చీర, తల మీద కొంగు, చంకలో బీడీల చేట. బోధన్‌లో ఉంటుందట, భర్త పోయాడట, ఒక్కగానొక్క కూతురిని వేల్పూర్‌లో ఇచ్చిందట.

"మీ చెరుకు నేను కావలుంట బిడ్డా," అంది.

"ఒక్కదానివే ఎట్లుంటవు ఖాలమ్మా? భయం గాదా?"

"నాకెందుకు భయం? భయపడేది దొంగలు గదా!"

అమ్మ ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సరేనంది. నాకది వింతగానే ఉండింది కానీ, వేరే ఎవరూ దొరకని రోజులు.

మొదటి ఆదివారం చూసి వద్దామని వెళ్ళాను. ఖాలమ్మ మంచె మీద కూర్చుని తునికాకు కత్తిరిస్తోంది. నేను పక్కన కూర్చున్నానో లేదో చెరకులో గలగలమని చప్పుడు. "దొంగ! దొంగ!" అని అరిచాను. ఖాలమ్మ చప్పున నా నోరు మూసింది. "దొంగ అని మొత్తుకుంటే రేపు పదిమందిని ఎంబడేసుకొని వస్తడు. నువ్వు సప్పుడు జెయ్యకు," అని లేచి నిలబడి, పెళ్ళి పిలుపుకు వచ్చిన మనిషిలాగా కేకేసింది.

"ఎవలది, సాయిలా? మీ అవ్వకు మోకాళ్ల నొప్పులు తగ్గినయా?"

గలగల ఆగిపోయింది. చెరకులోంచి సన్నగా గొంతు వినిపించింది. "తగ్గినయి ఖాలమ్మా."

"నీ పెండ్లానికి కాన్పయిందా?"

"ఆడపిల్ల."

"మంచిగైంది పో! బాలెంతకు ఒక్క గడ తీస్కపో."

సాయిలు ఒకే ఒక్క గడ పట్టుకుని తల వంచుకుని బయటికి వచ్చాడు. నరికిన మిగతావన్నీ అక్కడే వదిలేశాడు. మళ్ళీ మా చెరకులో కనిపించలేదు.

ఈ పలకరింపులకు ఆమె పడిన కష్టం చిన్నది కాదు. బోధన్ అంగడిలో కూర్చుని ఎవరికి ఎవరు ఏమవుతారో, ఎవరింట్లో జ్వరమో, ఎవరింట్లో పెళ్ళో అన్నీ తెలుసుకునేది. దగ్గు విని మనిషిని పోల్చేది. నది అవతలి మహారాష్ట్ర నుంచి కూలికి వచ్చి మా చెరకులో దూరినవాళ్ళను "కాయ్ రే పాండూ" అని మరాఠీలోనే ఆరా తీసేది. ఒకడు చెప్పు వదిలేసి పారిపోతే, మర్నాడు ఆ చెప్పు వాళ్ళింటికి పట్టుకెళ్ళి, చాయ్ తాగి వచ్చింది.

మూడో ఏడు ఎండాకాలం అసలు దొంగతనం జరిగింది. చెరకంతా కొట్టి ఫ్యాక్టరీకి పంపించాం, నేల బోడిగా ఉంది. కూతురి కాన్పుకని ఖాలమ్మ వేల్పూర్ వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మాకూ పటేలుకూ మధ్య గెట్టు లేదు, దున్నేశారు. గెట్టు మీది తుమ్మచెట్టు లేదు. హద్దురాయి ముప్పై అడుగులు మా నేలలోకి నడిచొచ్చి కూర్చుంది. బాపు తవ్విన బావి అటువైపు పోయింది.

భూమి లెక్కలు రాసే పట్వారీ వచ్చాడు. అతని దగ్గరున్న భూముల నక్షా సరిగ్గా మా హద్దు దగ్గరి మడతలోనే చిరిగి ఉంది. సాక్షులుంటే తెమ్మన్నాడు.

పటేలు నవ్వాడు. "గీ అడివిల సాక్షులెక్కడ దొరుకుతరు? గిటు వచ్చిన మనిషే లేడు."

నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. ఖాలమ్మ మాత్రం పట్వారీ వైపు తిరిగి, "ఎందుకు లేరు సాబ్? రేపటిదాక ఆగుండ్రి," అంది.

మర్నాడు పొద్దున ఆమె వెంట పద్నాలుగు మంది మగవాళ్ళు బారులు తీరి వచ్చారు.

"ఎవరు వీళ్ళు?" అన్నాడు పట్వారీ.

"మా దొంగలు సాబ్," అంది ఖాలమ్మ.

సాయిలు ముందుకు వచ్చాడు. "నేను గీడికెళ్లి దూరేటోన్ని. గీడ తుమ్మచెట్టుండె, ముండ్లకు ధోతి చినిగె." ఇంకొకాయన బావి చూపించాడు. "నేను గీ బాయి పక్కకెళ్లి ఉరికిన. బాయి చుట్టూత చెరుకే ఉండె. పటేలు జొన్న ఆ అవుతలుండె."

పట్వారీకి నవ్వు ఆగలేదు. "దొంగతనం చేసినమని మీరే ఒప్పుకుంటున్నరా?"

"ఖాలమ్మకు ఎరుకైనంక ఇంకెవలకు దాసిపెట్టుడు సాబ్?" అన్నాడు సాయిలు.

దొంగల మాటా ఒక సాక్ష్యమేనా అని పటేలు కసిరాడు. అప్పుడు మల్లయ్య అనే ముసలాయన బావి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి, దున్నిన నేలలో ఒకచోట వంగి మట్టి తీయసాగాడు. ఖాలమ్మ తనను పేరు పెట్టి పిలిచిన రోజు, సిగ్గుతో కొడవలి హద్దురాయి మొదట్లో బొందపెట్టి పారిపోయాడట. మళ్ళీ వచ్చి అడగడానికి మొహం చెల్లలేదట. నాగలి పైపైన పోయిందేమో, మోచేతి లోతున రాయిని నిలబెట్టిన పాత గుంత బయటపడింది. దాని అంచున తుప్పు పట్టిన కొడవలి దొరికింది. పట్వారీ కొలత గొలుసు అక్కడికి లాగించి, హద్దురాయిని తిరిగి ఆ గుంతలోనే పాతించాడు. పటేలు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

అందరం బావి దగ్గర కూర్చుని నీళ్ళు తాగాం. దొంగలు ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ వెళ్ళిపోయాక అడిగాను. "ఖాలమ్మా, గిట్ల పేరు పెట్టి పిలుసుడు నీకెవలు నేర్పిండ్రు?"

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "మీ బాపు. మా ఆయన పోయిన ఏడు గీ చెరుకులనే దూరిన బిడ్డా. సంకల నాలుగు గడలున్నయి. మీ బాపు సూసిండు. 'ఖైరున్, పిల్ల తిన్నదా?' అన్నడు. లేదన్న. తన సద్దిమూట తెచ్చి నా చేతుల వెట్టిండు. మీ అవ్వకు గూడ ఎరుకే."

అమ్మ ఆమెను ఒక్క ప్రశ్న కూడా ఎందుకు అడగలేదో అప్పుడు అర్థమైంది. ఇరవై ఏళ్ళకు పైగా కళ్ళ ముందు తిరిగిన మనిషిని, పోయిన మూడేళ్ళకు ఆ బావి గట్టు మీద మళ్ళీ కలుసుకున్నాను. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు ఆయన పోయిన రోజు కూడా ఏడవలేదు. ఖాలమ్మ బీడీల చేట పక్కన పెట్టి, నా వీపు నిమురుతూ కూర్చుంది.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ, పరీక్షలో చీటీతో దొరికిన పిల్లను ముందు పేరు పెట్టి పిలిచి, పొద్దున ఏం తిన్నావని అడిగేదాన్ని. చీటీ సంగతి తర్వాత. ఏమీ తినలేదని తల వంచుకున్న పిల్లలు ఎంతమందో! వాళ్ళ కోసం నా డబ్బాలో రెండు రొట్టెలు ఎక్కువ పెట్టుకోవడం అలవాటైంది. రిటైరై ఇన్నేళ్ళయినా, ఇల్లు కదిలితే ఆ రెండు రొట్టెలు ఇప్పటికీ నా సంచిలో ఉంటాయి.