బుట్ట చెప్పిన సాక్ష్యం

నాంపల్లి స్టేషన్ వెనక సందులో మాకు మూడంతస్తుల బిల్డింగు ఉంది. ఈ మాట ఆఫీసులో అంటే చాలు, "నీకేం తల్లీ, ఓనరమ్మవు" అంటారు. ఓనరమ్మనట! మా అమ్మ రెండేళ్లుగా పై అంతస్తు దిగలేదు. మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి, లిఫ్టు పెట్టే జాగా లేదు. కింది పోర్షన్ దొరికితే అమ్మ గడప దాటి సందులోకి వస్తుంది. జనవరిలో దగ్గర్లోనే జరిగే ఎగ్జిబిషన్ మైకులు పై నుంచి వినడం కాకుండా, నా చేయి పట్టుకుని అక్కడిదాకా నడుస్తుంది. నాకు కావలసింది అంతే.

కింది పోర్షన్‌లో టీచరమ్మ ఉంటుంది. మెదక్ నుంచి వచ్చి, మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన ఒంటరి మనిషి. నాకు ఎక్కాలు నేర్పింది కూడా ఆమే. మా నాన్న ఉన్నప్పుడు దిగింది. కిరాయి దాదాపు అప్పటిదే. పాత కిరాయిదారులను కాపాడే చట్టం ఒకటుంది కదా, కోర్టు ఒప్పుకుంటే తప్ప పెంచడానికీ లేదు, ఖాళీ చేయించడానికీ లేదు. నడిమి అంతస్తు వాళ్లదీ అదే కథ.

తప్పు నాదే. కిందికి దిగి, చాయ్ తాగుతూ అడగాల్సిన మాటను వకీలు చేత నోటీసు రాయించి రిజిస్టర్ పోస్టులో పంపాను. ఇద్దరం ఒకే గేటులోంచి వచ్చిపోయేవాళ్లం, మధ్యలో పోస్ట్‌మన్ ఎందుకు? కాగితం మీద ఉంటే గట్టిగా ఉంటుందని వకీలు అన్నాడు, నా బుద్ధి గడ్డి తింది.

ఆ సాయంత్రం టీచరమ్మ నోటీసు పట్టుకుని మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"ఇదేంది బిడ్డా? నోటితోని అడిగితే కాదంటుంటినా? మీ అమ్మ నాకు అక్క లెక్క, ఆమెకు ఒక రూమన్న ఇస్తుంటి. వకీలు దాక పోయినవ్ గదా, ఇగ కోర్టే చెప్పనీ."

కోర్టులో మాకు అవసరమని చెబితే చాలలేదు. మా కష్టం ఎక్కువా, ఆమె కష్టం ఎక్కువా అని తూచి చూస్తారట. అమ్మ మెట్లు దిగలేదని డాక్టర్ రాసిచ్చిన కాగితం పెట్టాను. అప్పుడు టీచరమ్మ వకీలు ఫైలులోంచి ఒక ఫోటో బయటికి తీశాడు. అందులో మా బాల్కనీ నుంచి తాడుకు వేలాడుతున్న వెదురు బుట్ట, కింద కూరగాయల బండి. మా సందులో పై అంతస్తుల ఆడవాళ్లందరూ అలాగే బుట్ట దింపి కొంటారు. "పెద్దమ్మకు కావలసినవన్నీ పైకే చేరుతున్నాయి, ఇక దిగాల్సిన పనేముంది?" అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఆ బుట్టలో మంచి టమాటాలు ఏరి ఏరి వేసేది ఎవరనుకున్నారు? టీచరమ్మే! అమ్మ పై నుంచి దింపేది, ఆమె కింద బేరమాడి నింపేది. కేసు నడుస్తున్నప్పుడూ మానలేదు. ఫోటో చూసి ఆమె కూడా తల దించుకుంది. కేసు పోయింది.

ఇంటికి వచ్చి బుట్టను విరిచి, తాడు కోసి పారేశాను.

"దానిమీదేంది నీ కోపం?" అంది అమ్మ. "గెలిస్తే మాత్రం ఆమె ఏడికి పోతుండె? బయట హిమాయత్‌నగర్‌ల చూసినా గీ కిరాయికి బాత్రూమ్ గూడ రాదు."

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి కింది మెట్ల మలుపులో ఇద్దరూ కూలబడి ఉన్నారు. బుట్ట లేదు కదా, కొత్తిమీర కోసం అమ్మ గోడ పట్టుకుని దిగిందట. మలుపు దగ్గర కాలు మడత పడింది. కేక విని టీచరమ్మ పైకెక్కింది. ఎక్కాక ఆమెకు ఆయాసం.

సందు చివరి ఆటో స్టాండు నుంచి ఇద్దరు డ్రైవర్లను పిలుచుకొచ్చాను. వాళ్లు టీచరమ్మను చేయి పట్టి దింపి, అమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు.

"మేడమ్, పైకా, కిందికా?"

"కిందికే," అంది అమ్మ గబుక్కున. "పది మెట్లే ఉన్నయి. ఇగ నేను కిందనే ఉంట బిడ్డా, మళ్ల గా పైకి ఎక్కియ్యకు."

నేను టీచరమ్మ వైపు చూశాను. నోటితో అడగలేకపోయాను, చూపుతోనే అడిగాను. ఆమె తన తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మా వకీలు వద్దన్నడు బిడ్డా. ఓనరోళ్లను ఒక్క దినం లోపల ఉండనిచ్చినా కబ్జా పెడ్తరట. నోటీసు రాకముందైతే నేనే రా అక్కా అంటుంటి."

డ్రైవర్లు కుర్చీ ఎత్తి పట్టుకుని నా మాట కోసం చూస్తున్నారు. అమ్మ అప్పటికే చెంగు సర్దుకుని వీధి వైపు మెడ చాపింది. బిల్డింగు కాగితాల మీద ఉన్నది నా పేరే.

"పైకి," అన్నాను.